ఉతుకుడు తొట్టి దగ్గర మొదలైన వ్యాపారం: మేడమ్ సి. జె. వాకర్ జీవిత కథ



మన సంచికల్లో మన వీరుల చరిత్రలు, మన కొండ దేవతల కథలు, మన పండుగల విశేషాలు వస్తూనే ఉన్నాయి. రావాలి కూడా. ఈసారి మేము మాత్రం వేరే దేశపు మనిషి గురించి రాస్తున్నాము. ఆమె మన జాతి కాదు, మన భాష కాదు. అయినా ఆమె బతుకు చదువుతుంటే మన ఊళ్ళ ఆడపిల్లలే కళ్ళముందు కదులుతారు. ఆమె పుట్టిన పేరు సారా బ్రీడ్‌లవ్. లోకం ఎరిగిన పేరు మేడమ్ సి. జె. వాకర్. అమెరికాలో నల్లజాతి కుటుంబంలో పుట్టి, ఏళ్ళ తరబడి బట్టలు ఉతికి బతికి, ఆ తర్వాత జుట్టుకు పూసే లేపనం తయారుచేసి, సొంత ఫ్యాక్టరీ పెట్టి, వేల మంది ఆడవాళ్ళకు బతుకుతెరువు చూపించిన మనిషి.

కష్టపడితే ఎవరైనా పైకి వస్తారని పిల్లలకు మనం తరచూ చెబుతాము. హాస్టల్‌లో మేమూ అదే చెబుతాము. ఈమె జీవితాన్ని వరుసగా చూస్తే ఆ మాటలో సగమే ఉందని అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఆమెతో పాటు అంతే కష్టపడిన ఆడవాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాళ్ళలో చాలామంది తొట్టి దగ్గరే ముసలివాళ్ళయ్యారు. ఈమెకు మాత్రం అవసరమైన ప్రతి మలుపులో ఎవరో ఒకరు చెయ్యి అందించారు. ఆ చేతుల లెక్క చెప్పడానికే ఈ వ్యాసం.

పత్తి చేలలో పుట్టుక

1867 డిసెంబర్ 23న లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న డెల్టా అనే చిన్న ఊరి దగ్గర సారా పుట్టింది. తండ్రి ఓవెన్, తల్లి మినర్వా ఇద్దరూ అక్కడి పత్తి తోటలో బానిసలుగా బతికినవాళ్ళు. అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణ 1865 డిసెంబర్‌లో అమలులోకి వచ్చింది. అందువల్ల ఆ ఇంట్లో స్వేచ్ఛగా పుట్టిన మొదటి బిడ్డ సారాయే. ఆమె కంటే ముందు పుట్టిన అక్క, అన్నలు బానిసత్వంలో పుట్టినవాళ్ళు.

చట్టం మారింది గానీ చేను మారలేదు. ఆ ప్రాంతంలో విడుదలైన కుటుంబాలు చాలావరకు అదే పాత యజమానుల భూమిలో పంట వాటాకు పనిచేశాయి. విత్తనం అప్పు, తిండి అప్పు. ఏడాది చివర లెక్క చూస్తే చేతికి మిగిలేది మళ్ళీ అప్పే. షావుకారు పుస్తకం, సంతలో తరాజు ఎరిగిన మన పెద్దలకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

సారాకు ఏడేళ్ళు నిండేసరికి తల్లి, తండ్రి ఇద్దరూ చనిపోయారు. అక్క లువీనియా పంచన చేరింది. పదేళ్ళప్పుడు అక్కా బావలతో నది దాటి విక్స్‌బర్గ్ పట్నం వెళ్ళింది. ఇళ్ళలో పనికి కుదిరింది. బావ మంచివాడు కాదు. ఆ ఇంటి బాధ తప్పించుకోవడానికి పద్నాలుగేళ్ళకే మోజెస్ మెక్‌విలియమ్స్ అనే అతన్ని పెళ్ళి చేసుకుంది. 1885 జూన్ 6న కూతురు లీలియా పుట్టింది. ఇరవై ఏళ్ళకే భర్త పోయాడు. అప్పటికి ఆమె బడి ముఖం చూసింది కొద్ది నెలలు మాత్రమే.

ఇంట్లో బాధ నుంచి బయటపడే తలుపు పెళ్ళే అనుకునే పద్నాలుగేళ్ళ పిల్లలు ఎలా ఉంటారో మాకు తెలుసు. పండుగ సెలవులకు ఇంటికి వెళ్ళి తిరిగి రాని పిల్లల ట్రంకు పెట్టెలు కొన్నాళ్ళు హాస్టల్‌లోనే ఉండిపోతాయి. తర్వాత అన్నో, మేనమామో వచ్చి పెట్టె మోసుకుపోతాడు. పిల్ల గురించి అడిగితే నేల చూస్తాడు. అందుకే సారా కథలో ఈ భాగాన్ని మేము తొందరగా దాటలేము.

అన్నల ఊరు, చర్చి అక్కలు

చంటిబిడ్డతో ఒంటరిగా మిగిలిన సారా సెయింట్ లూయిస్ నగరానికి వెళ్ళింది. ఆ ఊరే ఎందుకంటే, ఆమె అన్నలు అక్కడ మంగలి పని చేసుకుంటూ స్థిరపడ్డారు. ఆమెకు అందిన మొదటి చెయ్యి అది. అన్నలు ఆస్తులున్నవాళ్ళు కాదు. కానీ కొత్త ఊళ్ళో దిగిన మనిషికి ఫలానా వీధిలో ఉండు, ఫలానా ఇంట్లో పని అడుగు అని చెప్పే మనిషి ఉంటే చాలు, సగం భయం పోతుంది.

అక్కడ ఆమె బట్టలు ఉతికే పని పట్టింది. సంపాదన రోజుకు డాలరు, డాలరున్నర. వేడి నీళ్ళ తొట్టి మీద వంగి, ఘాటైన సబ్బుతో ఇతరుల బట్టలు ఉతకడం, ఆరెయ్యడం, ఇస్త్రీ చెయ్యడం. ఆ కూలిలోనే పైసా పైసా కూడబెట్టి కూతుర్ని చదివించింది. తర్వాత కాలంలో లీలియాను టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్ కాలేజీకి కూడా పంపగలిగింది. తనకు రాని అక్షరం బిడ్డకు రావాలన్నది ఆమె మొదటి లక్ష్యం. వ్యాపారం ఆలోచన ఇంకా చాలా దూరంలో ఉంది.

సెయింట్ లూయిస్‌లో సెయింట్ పాల్ ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి ఉంది. నల్లజాతి వాళ్ళు తమ కోసం తాము కట్టుకున్న చర్చి శాఖకు చెందినది అది. సారా అక్కడ చేరి పాటల బృందంలో పాడేది. ఆ చర్చిలో చదువుకున్న ఆడవాళ్ళు ఉన్నారు. ఉపాధ్యాయుల భార్యలు, సంఘాలు నడిపేవాళ్ళు, కొత్తగా ఊరికి వచ్చిన పేదవాళ్ళను వెతికి ఆదుకునేవాళ్ళు. వాళ్ళు ఈ ఉతుకుడు మనిషిని తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు. ఆమె వాళ్ళను చూసి బట్ట కట్టు నేర్చుకుంది, సభలో మాట్లాడే తీరు నేర్చుకుంది, అన్నింటికీ మించి తన బతుకు తొట్టి దగ్గరే ముగియనక్కరలేదని నేర్చుకుంది. డబ్బు సాయం ఒక పూట గడుపుతుంది. పక్కన కూర్చోబెట్టుకోవడం మనిషి చూపునే మారుస్తుంది. ఆమెకు అందిన రెండో చెయ్యి ఇది.

ఈ మధ్యలో రెండో పెళ్ళి జరిగింది, అదీ నిలవలేదు. కథలు రాసేవాళ్ళు ఇలాంటివి వదిలేస్తుంటారు. మేము వదలడం లేదు. ఆమెకు మేలు ఒక్కసారిగా జరగలేదని తెలియడం మన పిల్లలకు అవసరం.

జుట్టు రాలిన కాలం

1890ల్లో సారాకు తల చర్మం పాడై జుట్టు ఊడిపోసాగింది. ఇది ఆమె ఒక్కదాని సమస్య కాదు. ఆ కాలపు పేద ఇళ్ళలో కుళాయి లేదు, స్నానాల గది లేదు. చలికాలమంతా తలస్నానం లేకుండా గడిచేది. తిండి సరిగా లేదు. వాడే సబ్బు చర్మాన్ని కాల్చేంత ఘాటు. చుండ్రు, పుండ్లు, ఆ పైన జుట్టు రాలడం. నల్లజాతి ఆడవాళ్ళు ఎందరో ఈ అవమానాన్ని తలగుడ్డ కింద దాచుకుని తిరిగేవారు. తెల్లవాళ్ళ కంపెనీలు వీళ్ళను పట్టించుకోలేదు.

హాస్టల్‌లో ఆదివారం తలస్నానాల రోజు. కుంకుడుకాయ నలిపి, వరుసగా పిల్లల తలలు రుద్దించి, పేలు చూసి, నూనె రాసి జడలు వేయించేసరికి మధ్యాహ్నం దాటుతుంది. తల నిండా పుండ్లతో చేరిన చిన్నపిల్ల మొదట్లో చివరి వరుసలో కూర్చుంటుంది. నెల తిరిగి తల శుభ్రపడ్డాక తనే ముందు వరుసకు వస్తుంది. కాబట్టి ఇది సోకు విషయమని మేము అనుకోము. సారా పట్టుకున్నది కూడా ఈ సంగతినే.

ఆమె దొరికిన మందులన్నీ వాడి చూసింది. అనీ మలోన్ అనే మరో నల్లజాతి మహిళ అప్పటికే జుట్టు లేపనాలు తయారుచేసి ఇంటింటికీ అమ్మిస్తోంది. సారా ఆమె దగ్గర ఏజెంటుగా చేరింది. వ్యాపారంలో ఆమె తొలి బడి అదే. తర్వాత సారా సొంతంగా సరుకు మొదలుపెట్టినప్పుడు తన లేపనాన్ని కాపీ కొట్టిందని అనీ ఆరోపించారు. ఇద్దరి మధ్య పోటీ చాలాకాలం నడిచింది. గంధకం కలిపిన లేపనాలు తల చర్మానికి వాడడం అప్పటికే జనానికి తెలిసిన వైద్యం. ఏమైనా, ముందు దారి వేసిన అనీ మలోన్ పేరు చెప్పకుండా ఈ కథ చెప్పడం న్యాయం కాదు.

డెన్వర్‌లో కొత్త పేరు

1905లో సారా కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌కు వెళ్ళారు. అక్కడ చనిపోయిన అన్న కుటుంబం, వదిన ఉన్నారు. చేతిలో ఉన్న పొదుపు రెండు డాలర్లు కూడా లేదు. 1906 జనవరిలో ఛార్లెస్ జోసెఫ్ వాకర్‌ను పెళ్ళి చేసుకున్నారు. అతనికి పత్రికల్లో ప్రకటనల పని తెలుసు. అప్పటి నుంచి ఆమె మేడమ్ సి. జె. వాకర్ అయ్యారు.

ఈ మేడమ్ అనే మాట వెనుక ఒక సంగతి ఉంది. ఆ రోజుల్లో తెల్లవాళ్ళు నల్లజాతి స్త్రీని ఎంత పెద్ద వయసు వచ్చినా ఒట్టి పేరుతోనే పిలిచేవారు. మర్యాద పదం వాడేవారు కాదు. ఆమె మర్యాదను తన పేరులోనే కలిపేసుకున్నారు. డబ్బా మీద అచ్చయిన పేరు చదివిన ప్రతివాళ్ళూ మేడమ్ అనక తప్పదు. హాస్టల్‌లో పిల్లలు రోజుకు వందసార్లు మమ్మల్ని మేడమ్ అంటారు. రేపు వాళ్ళను ఆ మాటతో ఎవరైనా పిలవాలంటే ఏం చెయ్యాలన్నది మా ఉద్యోగం మొత్తానికి ఉన్న ప్రశ్న.

ఆమె అమ్మకం పద్ధతి సులువైనది, కానీ ఒళ్ళు వంచాల్సినది. ఇంటికి వెళ్ళడం, ఆ ఇంటావిడ తల తన చేతులతో కడగడం, లేపనం రాయడం, ఎలా వాడాలో చూపించడం. అప్పుడే డబ్బా అమ్మడం. తన తల ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా అయిందో ఫొటోలు పత్రికల ప్రకటనల్లో వేయించారు. నల్లజాతి పత్రికలే ఆమెకు ఊరూరా దారి చూపాయి. 1906 చివర్లో భార్యాభర్తలిద్దరూ దక్షిణ రాష్ట్రాల్లో పర్యటన మొదలుపెట్టారు. చర్చి హాళ్ళలో, సంఘాల గదుల్లో, తెలిసినవాళ్ళ ఇళ్ళలో ప్రదర్శనలు ఇచ్చారు. డెన్వర్‌లో కూతురు లీలియా పోస్టులో వచ్చే ఆర్డర్లు చూసుకునేది. తొట్టి దగ్గర చదివించిన బిడ్డ ఇప్పుడు లెక్కల పుస్తకం దగ్గర కూర్చుంది.

ఫ్యాక్టరీ, బడి

1908లో పిట్స్‌బర్గ్‌లో లీలియా పేరుతోనే ఒక శిక్షణ కళాశాల పెట్టారు. 1910లో ఇండియానాపోలిస్ నగరానికి మారి ఫ్యాక్టరీ, సెలూన్, శిక్షణ కేంద్రం కట్టారు. ఆ నగరం అన్ని వైపుల రైళ్ళు కలిసే చోటు కావడంతో సరుకు పంపడం తేలిక. అక్కడే ఫ్రీమన్ రాన్సమ్ అనే యువ న్యాయవాది ఆమె సంస్థ వ్యవహారాలు చూడడానికి కుదిరారు. ఆలిస్ కెల్లీ అనే మాజీ ఉపాధ్యాయిని ఫ్యాక్టరీ పర్యవేక్షణ చూస్తూ, మరోవైపు యజమానికే చదువు, చేతిరాత, సభా మర్యాద నేర్పారు. నలభై దాటిన యజమాని తన దగ్గర పనిచేసే టీచరు ముందు పుస్తకం పట్టుకు కూర్చున్నారన్న ఈ ఒక్క విషయం చెప్పినప్పుడు మా పిల్లలు ఎప్పుడూ ఆశ్చర్యపోతారు.

ఆమె దగ్గర శిక్షణ పొందిన ఏజెంట్లు వేల సంఖ్యకు చేరారు. వాళ్ళలో వంటపని, ఉతుకుడు పని, పొలం కూలి చేసుకునేవాళ్ళు ఎక్కువ. ఒక పెట్టెలో సరుకు, చేతిలో ధ్రువపత్రం, తమ సంపాదన తమ చేతికి. అప్పుడు నల్లజాతి స్త్రీకి అమెరికాలో తెరిచి ఉన్న తలుపులు ఇతరుల వంటిల్లు, ఇతరుల పొలం మాత్రమే. మూడో తలుపు ఇది.

ఆ లోపు మూడో పెళ్ళి కూడా విడాకులతో ముగిసింది. వాకర్ అనే పేరు మాత్రం ఆమె ఉంచుకున్నారు. ఆ పేరుకు విలువ తెచ్చింది ఆమే కదా.

తలుపు తియ్యని సభ

1912లో షికాగోలో నేషనల్ నీగ్రో బిజినెస్ లీగ్ మహాసభ జరిగింది. నల్లజాతి వ్యాపారుల సంఘం అది. అధ్యక్షుడు బుకర్ టి. వాషింగ్టన్ అప్పట్లో ఆ జాతికి అతిపెద్ద నాయకుడు. వాకర్ గారు మాట్లాడడానికి అవకాశం అడిగారు. జుట్టు లేపనాల వ్యాపారం మీద ఆయనకు సదభిప్రాయం లేదు. పట్టించుకోలేదు. చివరి రోజున ఆమె ఉన్నచోటనే లేచి నిలబడి, పత్తి చేల నుంచి ఉతుకుడు తొట్టికి, అక్కడి నుంచి వంటింటికి, అక్కడి నుంచి సొంత ఫ్యాక్టరీకి ఎలా చేరారో సభ మొత్తానికి వినిపించారు. మరుసటి ఏడాది 1913లో ఫిలడెల్ఫియా మహాసభకు ఆమెను ప్రధాన వక్తల్లో ఒకరిగా పిలిచింది అదే వాషింగ్టన్ గారు.

సొంత సంఘంలోనే ఆడవాళ్ళ మాట వినిపించుకోని పెద్దలు అన్ని జాతుల్లోనూ ఉంటారు. మన సంఘాల వేదికల మీద వరుసగా ఎవరు కూర్చుంటున్నారో, టీ గ్లాసులు ఎవరు అందిస్తున్నారో మనమే చూసుకోవచ్చు. వాకర్ గారు అలిగి బయటికి పోలేదు. సంఘం తనదీ అని లేచి నిలబడ్డారు. వాషింగ్టన్ గారు కూడా తన అభిప్రాయం మార్చుకున్నారు. ఇద్దరి దగ్గరా నేర్చుకోవలసింది ఉంది.

అందిన చెయ్యి అందించిన చెయ్యి అయింది

సంపాదన పెరిగేకొద్దీ ఆమె ఇవ్వడం పెరిగింది. 1911లో ఇండియానాపోలిస్‌లో నల్లజాతి యువకుల కోసం వై.ఎం.సి.ఎ. భవనం కడుతుంటే 1,000 డాలర్లు ఇచ్చారు. బట్టలు ఉతికిన నాటి లెక్కలో అది రెండేళ్ళ కూలి కంటే ఎక్కువ. టస్కెగీ విద్యాసంస్థలో పేద పిల్లలకు ఉపకార వేతనాలు ఇచ్చారు. మేరీ మెక్‌లాయిడ్ బెథ్యూన్ నడిపిన ఆడపిల్లల బడికి సాయపడ్డారు. తనను ఆదుకున్న సెయింట్ లూయిస్ చర్చి లాంటి చోట్లను మరచిపోలేదు.

1917లో ఫిలడెల్ఫియాలో తన ఏజెంట్ల మహాసభ జరిపారు. 200 మందికి పైగా ఆడవాళ్ళు ఊరూరి నుంచి వచ్చారు. అక్కడ బహుమతులు రెండు రకాలు. ఎక్కువ సరుకు అమ్మినవాళ్ళకు ఒకటి, తమ ఊళ్ళో దానధర్మాలకు ఎక్కువ ఇచ్చినవాళ్ళకు ఒకటి. అమ్మకాల సభలో దానానికి బహుమతి పెట్టిన వ్యాపారిని మేము వేరే ఎక్కడా చదవలేదు. అదే ఏడాది ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో నల్లజాతి వాళ్ళ మీద ఘోరమైన దాడులు జరిగి ఎందరో చనిపోయారు. న్యాయం కోరుతూ వాషింగ్టన్‌లోని అధ్యక్ష భవనానికి వెళ్ళిన బృందంలో ఆమె ఉన్నారు. ఆమె ఏజెంట్ల మహాసభ కూడా దేశాధ్యక్షుడు విల్సన్‌కు తంతి పంపింది. సబ్బు, లేపనం అమ్ముకునే ఆడవాళ్ళు దేశాధ్యక్షుడికి తమ మాట చెప్పారంటే, ఒంటరిగా ఉన్నప్పుడు లేని ధైర్యం సంఘంగా కూడినప్పుడు వచ్చింది.

అంత సంపాదించినా అవమానం పోలేదు. ఇండియానాపోలిస్‌లో ఒక సినిమా హాలులో అందరికీ 10 సెంట్లు ఉన్న టికెట్ నల్లజాతి అయినందుకు ఆమెను 25 సెంట్లు అడిగారు. ఆమె కోర్టులో దావా వేశారు. డబ్బు వస్తే గౌరవం దానంతట అదే వస్తుందని అనుకోకూడదు. దాన్ని విడిగా అడిగి తీసుకోవాలి.

న్యూయార్క్ దగ్గర ఇర్వింగ్టన్‌లో 1918లో ఆమె పెద్ద భవనం కట్టించారు. దాని నమూనా గీసింది వెర్ట్నర్ టాండీ అనే నల్లజాతి వాస్తుశిల్పి. ఎక్కువ కాలం అందులో ఉండలేదు. రక్తపోటు, మూత్రపిండాల జబ్బుతో 1919 మే 25న 51 ఏళ్ళకే కన్నుమూశారు. చనిపోయే ముందు మూక దాడులకు వ్యతిరేకంగా పోరాడే నిధికి 5,000 డాలర్లు ప్రకటించారు. సంస్థకు రాబోయే నికర లాభంలో మూడింట రెండు వంతులు దానధర్మాలకు పోవాలని వీలునామా రాశారు. ఇండియానాపోలిస్‌లో ఆమె పేరుతో 1927లో తెరిచిన భవనం, థియేటర్ నేటికీ ఉన్నాయి. 1998లో అమెరికా ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మన సంఘానికి మా మనవి

ఇప్పుడు చేతులు లెక్కపెట్టి చూద్దాం. అన్నలు ఊరు చూపించారు. చర్చి ఆడవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకున్నారు. అనీ మలోన్ దగ్గర పని తెలిసింది. పత్రికలు పేరు ఊరూరా చేర్చాయి. ఒక టీచరు అక్షరం నేర్పారు, ఒక వకీలు లెక్కలు కాశారు. ఇవన్నీ లేకపోతే అదే పట్టుదల, అదే చెమట తొట్టి నీళ్ళలోనే కలిసిపోయేవి.

శీకాయ, కుంకుడుకాయ, తేనె, చింతపండు, అడ్డాకులు మన కొండల నుంచే దిగుతాయి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి వాటిని కొంటోంది. వన్ ధన్ కేంద్రాలు వచ్చాయి, మహిళా సంఘాలు ఉన్నాయి. కానీ పది, ఇంటర్ చదివి ఇంటికి వెళ్ళిన ఆడపిల్ల వీటిలో దేని గుమ్మమూ ఒంటరిగా ఎక్కలేదు. బ్యాంకులో ఏ కాగితం అడుగుతారో తెలియదు. పొడి కొట్టి పొట్లం కట్టినా మొదటి పది పొట్లాలు ఎవరు కొంటారో తెలియదు.

మన సంఘంలో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, వకీళ్ళు, నర్సులు, పట్నాల్లో స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. వేదిక మీద శాలువా కప్పడంతో మన పని అయిపోయిందని అనుకోవద్దు. ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ తమ సొంత ఊరి నుంచి చదువు ఆగిపోయిన ఒక్క ఆడపిల్ల పేరు వచ్చే సమావేశానికి రాసి తీసుకురావాలి. ఆ పిల్లతో ఒకరు బ్యాంకుకు వెళ్ళాలి. ఒకరు ఖాతా పుస్తకం రాయడం నేర్పాలి. మొదటి పది పొట్లాలు మన ఇళ్ళలోనే కొనాలి, బాగా లేకపోతే బాగా లేదని చెప్పి మళ్ళీ కొనాలి.

మా దగ్గర ఇప్పటికే కొన్ని పేర్లు ఉన్నాయి. సమావేశం రోజున పట్టుకువస్తాము.